ఆర్టికల్స్‌లో పని ఒత్తిడి – మాకు తెలిసివచ్చిన సంగతులు



ఈ హాస్టల్లోనే ఉండి చదువుకుని, సి.ఎ. ఇంటర్మీడియట్ పాసై, ఇప్పుడు హైదరాబాదులో ఆర్టికల్స్ చేస్తున్న ఇద్దరం కలిసి రాస్తున్న వ్యాసమిది. ఆర్టికల్స్ అంటే చార్టర్డ్ అకౌంటెంట్ గారి దగ్గర ఉండి పని నేర్చుకోవడం. 2023 జూలై నుంచి చేరినవారికి ఇది రెండేళ్లు. అంతకు ముందు మూడేళ్లు ఉండేది. వారానికి 35 గంటలు పని అని నిబంధన. కానీ పన్నుల పని గంటలను చూసి రాదు, తేదీలను చూసి వస్తుంది. ఇది తెలియక మొదట్లో మేము చాలా తడబడ్డాం.

ప్రతి నెలా మూడు తేదీలు గుర్తుండాలి. జీతాల్లో, అద్దెల్లో పట్టుకున్న టి.డి.ఎస్.ను మరుసటి నెల 7లోగా కట్టాలి (మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30లోగా). నెలనెలా రిటర్ను వేసే వ్యాపారుల అమ్మకాల వివరాలు 11లోగా జి.ఎస్.టి.ఆర్-1లో చూపాలి. 20లోగా జి.ఎస్.టి.ఆర్-3బి వేసి పన్ను కట్టాలి. కొనుగోళ్ల పన్ను లెక్క చూపే 2బి వచ్చేది 14న. అంటే సరిచూసుకోవడానికి ఉండేది ఆరు రోజులే! వీటికి తోడు జీతగాళ్ల రిటర్నులకు జూలై 31, టాక్స్ ఆడిట్ రిపోర్టులకు సెప్టెంబరు 30. 2025లో లాగా ఒక్కోసారి గడువు పెంచుతారు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

మా పొరపాటు ఒకటి చెబుతాం. ఒక చిన్న దుకాణం ఫైలు మా చేతిలో ఉంది. కొన్ని బిల్లులు రాలేదు. సార్‌కు చెబితే "హాస్టల్ పిల్లలకు ఏమీ రాదు" అనుకుంటారేమోనని నోరు మెదపలేదు. రిటర్ను 26న వేశాం. రోజుకు 50 రూపాయల చొప్పున 300 ఆలస్య రుసుము, పైగా కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ పడ్డాయి. ఆ దుకాణదారుడికి అది చిన్న మొత్తం కాదు. సార్ అన్నది ఒక్కటే: "తెలియకపోతే నేర్పిస్తాను. చెప్పకపోతే నేనేం చేయను?"

ఆ రోజు నుంచి ఒక నోటుబుక్ పెట్టుకున్నాం. అందులో నాలుగు గడులు: పార్టీ పేరు, పని, ఆఖరు తేదీ, ఇంకా రావలసిన కాగితం. నాలుగో గడే ముఖ్యం. చాలా పనులు మా చేతకానితనం వల్ల కాదు, కాగితం రాక ఆగుతాయి. ప్రతి నెలా 15న ఆ పుస్తకం సార్ ముందు పెడతాం. కొత్త ఫైలు ఇస్తే "చేస్తాను సార్, కానీ ఈ రెండింటిలో ముందు ఏది?" అని అడుగుతాం. అలా అడగడం ఎదిరించడం కాదని ఇప్పుడు తెలిసింది.

ఇక చదువు. జూలై నుంచి సెప్టెంబరు దాకా పెద్దగా చదవలేం. అందుకే మిగతా నెలల్లో తెల్లవారుజామున రెండు గంటలు పుస్తకం పడతాం. స్టడీ అవర్ గంట కొట్టి నిద్ర లేపిన వార్డెన్ గారిని అప్పుడు తిట్టుకున్నాం, ఇప్పుడు దండం పెడుతున్నాం! ఆర్టికల్స్ ముగిశాక ఫైనల్ పరీక్షకు ఆరు నెలల వ్యవధి ఉంటుంది కాబట్టి దిగులు పడనక్కరలేదు.

తమ్ముళ్లూ, కష్టపడటం మనకు కొత్త కాదు. మనం నేర్చుకోవలసింది అడగడం, సమయానికి చెప్పడం. మీలో ఎవరైనా ఈ దారిన వస్తే ఆ నోటుబుక్ మొదటి రోజే కొనుక్కోండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– మీ పూర్వ విద్యార్థులు