ఇస్మాయిల్ భాయ్‌తో పెరిగినోళ్లం

మా చిన్నప్పుడు హైదరాబాద్ పిల్లలకు రెండు రకాల హీరోలు ఉండేవాళ్లు. మొదటి రకం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కటౌట్ల మీద, మెడలో పూలదండలతో నిలబడేవాళ్లు. వాళ్లు అందరి హీరోలు. విజయవాడకెళ్లినా, వైజాగ్‌కెళ్లినా వాళ్లే. రెండో రకం వాళ్లు చార్మినార్ దగ్గర చాయ్ తాగుతూ కోతలు కోసేవాళ్లు. వాళ్లకు ఫైట్లు రావు, స్టెప్పులు రావు, పని అసలే రాదు. కానీ వాళ్లు మా ఒక్కళ్ల హీరోలు.

ఇప్పుడు ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇస్మాయిల్ భాయ్‌ని వాట్సాప్ స్టిక్కర్‌గా మాత్రమే చూసి ఉంటారు. అందుకే ముందు కాస్త కథ చెప్తాను.

2006లో కుంట నిఖిల్ 'ది అంగ్రేజ్' అనే సినిమా తీశాడు. విదేశాల్లో పెరిగిన ఇద్దరు కుర్రాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం హైదరాబాద్ వస్తారు. చార్మినార్ చూడ్డానికి వెళ్లి అక్కడి గల్లీ గ్యాంగ్‌తో గొడవ పడతారు. ఆ గ్యాంగ్ లీడరే ఇస్మాయిల్ భాయ్. పక్కన సలీం ఫేకు, జహంగీర్. ఫేకు అంటే మన తెలుగులో కోతలరాయుడు. అంగ్రేజ్‌ల మీద పగ తీర్చుకోవాలని గ్యాంగ్ బయల్దేరుతుంది. వేసిన ప్లాన్ ఒక్కటీ సక్కగా జరగదు. అంతే సినిమా. ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, మస్త్ అలీ, అజీజ్ నాసర్ ఆ ముగ్గురుగా నటించారు. కాదు, నటించారంటే మా గల్లీలో ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు. "అరె, అట్లాంటోడు మా మామూ దుకాణం ముందట రోజూ కూసుంటడు" అనేవాళ్లు.

అదే ఏడాది లక్ష్మీకాంత్ చెన్నా 'హైదరాబాద్ నవాబ్స్' తీశాడు. ఆ తర్వాత గుల్లు దాదా దిగాడు. పెద్ద స్టార్లు లేరు, ఫారిన్ పాటలు లేవు. ఊళ్లోనే షూటింగ్, ఊరి భాష, ఊరి జోకులు. అయినా ఆ సినిమాల డైలాగులు సగం సిటీకి నోటికి వచ్చేవి.

మా దాకా మాత్రం ఆ సినిమా సీడీలో వచ్చింది. రోజుకు పది రూపాయల అద్దె. ఒక ఇంట్లో ప్లేయర్, ఇంకో ఇంట్లో సీడీ, గల్లీ మొత్తం ప్రేక్షకులు. గీతలు పడ్డ సీడీ ఒక చోట ఆగిపోతే, తర్వాతి డైలాగ్ మేమే చెప్పేవాళ్లం. కొన్నాళ్లకు మొబైల్ దుకాణాల ముందు 'మెమొరీ కార్డులో పాటలు, వీడియోలు లోడ్ చేయబడును' అనే బోర్డులు వచ్చాయి. సినిమా ముక్కలు ముక్కలై బ్లూటూత్‌లో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు నడిచింది. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి, అది వంద శాతం అయ్యేదాకా కదలకుండా కూర్చోవాలి. ఇప్పటి ఫార్వర్డ్‌కు అది తాతయ్య. కాకపోతే పంపేవాడు, అందుకునేవాడు ఒకే అరుగు మీద ఉండాల్సి వచ్చేది.

మూడు భాషల పిల్లలం

మాది మలక్‌పేట. నాన్న నల్గొండ జిల్లా నుంచి వచ్చి గంజ్‌లో గుమాస్తాగా చేరారు. ఇంట్లో మేం "నాన్న వచ్చిండు" అనేవాళ్లం. స్కూల్లో అదే మాట అంటే టీచర్ ఆపి, "వచ్చిండు కాదు, వచ్చాడు" అని క్లాసందరి ముందు మూడుసార్లు చెప్పించేది. సాయంత్రం గల్లీలో క్రికెట్‌కు దిగితే ఈ రెండూ పక్కకు పోయి, "ఆరౌఁ మియా, జర ఠైరో" మొదలయ్యేది. ఒక్క రోజులో మూడు భాషలు. ఏది ఎక్కడ మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు, దెబ్బలు తిని నేర్చుకున్నాం.

అప్పటి తెలుగు సినిమాల్లో మా ఇంటి భాష ఎక్కువగా రౌడీకో, కమెడియన్‌కో దక్కేది. హీరో "వచ్చాడు" అనేవాడు, తన్నులు తినేవాడు "వచ్చిండు" అనేవాడు. గల్లీలో మాట్లాడే దక్కనీ పరిస్థితీ అంతే. హిందీ సినిమాలో అది వినిపించిందంటే పక్కన మెహమూద్ లాంటి కమెడియన్ ఉన్నట్టే లెక్క. తెరకు ఆ చివర నవ్వించేవాళ్లు ఎప్పుడూ మనలా మాట్లాడేవాళ్లే, ఈ చివర నవ్వేవాళ్లు వేరేవాళ్లు.

'ది అంగ్రేజ్'లో మొదటిసారి రెండు చివర్లా మేమే ఉన్నాం. సినిమాలో ఇంగ్లిష్ మాట్లాడే కుర్రాళ్ల పేర్లు ఇప్పుడు ఎంతమందికి గుర్తున్నాయో అడగండి. ఇస్మాయిల్ భాయ్ పేరు మర్చిపోయినవాడు ఒక్కడు దొరకడు.

ఆ భాషలో మజా ఏంటంటే అది ఎవరిదీ కాదు, అందరిదీ. వద్దు అనడానికి వాడే 'నక్కో' మరాఠీ నుంచి వచ్చింది. మన తెలుగులోకి జల్ది, పరేషాన్, దావత్ అటు నుంచి నడిచొచ్చాయి. ఇక 'పర్సోఁ' కథ వేరు. పుస్తకం ప్రకారం అంటే మొన్న, లేదా ఎల్లుండి. హైదరాబాద్‌లో మాత్రం పోయిన వారం కావచ్చు, పోయిన ఏడాది కావచ్చు, ఎన్నటికీ రాని రోజు కూడా కావచ్చు. "పర్సోఁ ఇస్తా" అన్నవాడి దగ్గర అప్పు వసూలైనట్టు మా గల్లీ చరిత్రలో లేదు.

2007, ఒక సీడీ

ఆ సినిమాలను తలచుకుంటే నవ్వుతో పాటు గుర్తొచ్చే ఏడాది 2007. మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్ దగ్గర పేలాయి. మాకు పదేళ్లు. ఏం జరిగిందో సగమే తెలుసు. పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారని మాత్రం తెలుస్తోంది.

పక్కింటి దోస్త్, నేను ఒకే బ్యాట్ పంచుకునేవాళ్లం. ఆగస్టులో మా అమ్మ "కోఠి దిక్కు పోవద్దు, గల్లీ దాటొద్దు" అంది. వాళ్ల అమ్మీ ఉర్దూలో సరిగ్గా అదే మాట వాడికి చెప్పింది. నాకు తోచిన భయం, వాడికి తోచిన భయం ఒకటేనా అని ఇప్పుడు ఆలోచిస్తే, కాదనే అనిపిస్తుంది. వాడి అన్నయ్య చీకటి పడకముందే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఎవరికీ ఆ అవసరం రాలేదు.

ఆ ఆదివారం బయటికి పంపలేదు కాబట్టి వాళ్ల ఇంట్లోనే కూర్చున్నాం. వాళ్ల అమ్మీ ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది. అప్పటికి పదిసార్లు చూసిన సీడీ మళ్లీ వేశాం. ఇస్మాయిల్ భాయ్ ప్లాన్ మళ్లీ ఫెయిలైంది. మేం మళ్లీ నవ్వాం. వంటింట్లోంచి వాళ్ల అమ్మీ కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వు వినడం అదే అని వాడు చాలా ఏళ్లకు గానీ నాకు చెప్పలేదు.

క్రాస్‌రోడ్స్, ఐమాక్స్, ఒక కప్పు

మొదటి రకం హీరోల కోసం మాత్రం క్రాస్‌రోడ్స్‌కే పోవాలి. సంధ్య, దేవి, సుదర్శన్. రిలీజ్ రోజు థియేటర్ లోపల కన్నా రోడ్డు మీదే సినిమా ఎక్కువ. పాలాభిషేకాలు, డప్పులు, చిల్లర కాగితాల వాన. 2003లో నెక్లెస్ రోడ్‌లో ప్రసాద్స్ వచ్చాక సిటీకి రెండో గుడి దొరికింది. అక్కడిప్పుడు ఐమాక్స్ ప్రొజెక్షన్ లేదు. అయినా ఆటోవాలాతో "ఐమాక్స్ పోదాం" అంటేనే అర్థమవుతుంది. శుక్రవారం పొద్దున షో వదలగానే మైకుల ముందు జనం చెప్పే 'పబ్లిక్ టాక్' చూడని తెలుగు యూట్యూబ్ ప్రేక్షకుడు ఉండడు. అటు క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎంఎం ఇప్పుడు లేదు. అక్కడ ఈల వేయడం నేర్చుకున్నవాళ్లు మాత్రం సిటీ అంతా ఉన్నారు.

సిటీ మొత్తం ఒకేసారి ఈల వేసిన రాత్రి ఒకటుంది. 2008 ఐపీఎల్‌లో మన దక్కన్ ఛార్జర్స్ చిట్టచివరి స్థానంలో నిలిచింది. స్కూల్లో చెన్నై, ముంబై ఫ్యాన్స్ ముందు తలెత్తుకోలేకపోయాం. 2009లో ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు వెళ్లింది. మే 24న జొహాన్నెస్‌బర్గ్‌లో ఫైనల్. గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఆర్సీబీ మీద 6 పరుగుల తేడాతో గెలిచాం. హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండా హైదరాబాద్ టీం కప్పు కొట్టింది! గ్రౌండ్ లేకపోతేనేం, ఉప్పల్ అంత చప్పుడు మా గల్లీలోనే అయింది. 2012లో ఆ టీం మూతపడింది. ఆ జెర్సీ ఇంకా దాచుకున్నవాడు నాకు ఒకడు తెలుసు. వాడెవడో మీరు ఊహించే ఉంటారు. అవును, పక్కింటి దోస్తే.

తీన్‌మార్ వార్తల్లోకొచ్చింది

కప్పు గెలిచినా, పెళ్లయినా, వినాయకుడు కదిలినా హైదరాబాద్‌కు ఒకటే దరువు: తీన్‌మార్. దాని వెనకాల మర్ఫా ఉంది. నిజాం కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఆ వాయిద్యాన్ని ఇక్కడ నిలబెట్టారు. ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషనర్ అనుకునేవాణ్ని చిన్నప్పుడు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని ఇంజినీరింగ్‌కొచ్చాకే తెలిసింది. 1954లో ఒక్క అడుగుతో మొదలై 2014కు 60 అడుగులకు పెరిగిన ఖైరతాబాద్ వినాయకుడు ఊరేగే ఊళ్లో, నిమజ్జనాల్లో చిందులేయించేది ఆ దరువే. దీన్ని ఎవరూ మాకు పాఠంగా చెప్పలేదు. కాళ్లకు మాత్రం తెలుసు.

తెలంగాణ వచ్చిన రోజుల్లో ఆ మాట టీవీకెక్కింది. వీ6లో 'తీన్‌మార్ వార్తలు' వచ్చాయి. సావిత్రి, బిత్తిరి సత్తి "ఏమైందంటే" అని మొదలుపెడితే మా నాన్న అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని వినేవారు. వార్తలు చదివేవాళ్లు తనలా మాట్లాడటం ఆయన యాభై ఏళ్లలో చూడలేదు. తర్వాత తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్లిచూపులు', 2018లో 'ఈ నగరానికి ఏమైంది' తీశాడు. అందులో కుర్రాళ్లు మా కాలేజీ క్యాంటీన్‌లో మాట్లాడినట్టే మాట్లాడారు. రెండో సినిమా 2023లో మళ్లీ రిలీజైతే హాల్లో డైలాగులన్నీ ప్రేక్షకులే ముందే చెప్పేశారు. సీడీ ఆగిన చోట మేం చెప్పినట్టే.

ఇప్పుడు "వచ్చిండు" అంటే ఎవరూ మూడుసార్లు దిద్దించరు. హీరోలే అంటున్నారు. అయినా ఇది రాస్తుంటే నా వేళ్లు "వచ్చాడు" అనే టైప్ చేస్తున్నాయి. స్కూలు అంత తొందరగా వదలదు.

ఇప్పుడు నేను ఏ గ్యాంగ్?

నాకిప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజూ మలక్‌పేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగుతాను. మెడలో ఐడీ కార్డు. టీంలో పుణె, కొచ్చి, ఇండోర్ వాళ్లున్నారు. మీటింగుల్లో మాట్లాడే ఇంగ్లిష్ నాకు నాలుగో భాష. 'ది అంగ్రేజ్' మ్యాప్‌లో చూస్తే, చార్మినార్ వైపు కూర్చుని నవ్విన పిల్లాడు హైటెక్ సిటీ వైపుకు చేరుకున్నాడు.

పోయిన చలికాలం టీం వాళ్లు పట్టుబడితే చార్మినార్ తీసుకెళ్లాను. ఐదుగురం, ఐదు ఫోన్లు, అందరం మెడలెత్తి ఫొటోలు. చాయ్ హోటల్లో ఖాళీ టేబుల్ కోసం నిలబడితే, పక్కన కూర్చున్న కుర్రాళ్లలో ఒకడు మెల్లగా అన్నాడు: "అంగ్రేజాఁ ఆగయే." మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు. మా టీం వాళ్లకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఒక్క క్షణం ఏం చేయాలో తోచలేదు. ఆ జోకు నేను వెయ్యిసార్లు వేసింది. నా మీద ఎవరూ వేయలేదు.

"నక్కో మియా, మలక్‌పేట్ కా హూఁ" అన్నాను.

వాడు తలెత్తి చూశాడు. ఐడీ కార్డు చూశాడు, ముఖం చూశాడు. తర్వాత పగలబడి నవ్వి, జరిగి చోటిచ్చాడు. ఐదుగురం, వాళ్లు నలుగురు, రెండు బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నాం. ఇస్మాయిల్ భాయ్ తెలుసా అని అడిగితే, వాడు జేబులోంచి ఫోన్ తీశాడు. సినిమా పూర్తిగా చూళ్లేదట, స్టిక్కర్లు మాత్రం నలభై ఉన్నాయట. నేను కథ మొదలుపెట్టాను. పుణె అమ్మాయి మధ్యలో ఆపి, "నక్కో మా మరాఠీ మాట కదా!" అంది. అవును, నీది కూడా అన్నారు వాళ్లు.

ఆ కుర్రాడికి, నాకు మధ్య పదేళ్లు, ఇరవై ఏడు మెట్రో స్టేషన్లంత దూరం ఉండొచ్చు. మా ఇద్దరి ఫోన్లలో వచ్చే రీల్స్‌లో ఒక్కటీ కలవకపోవచ్చు. ఎవరి ఫీడ్ వాళ్లది, ఎవరి ఇయర్‌ఫోన్స్ వాళ్లవి. అందుకే అడుగుతున్నా: మీ ఊళ్లో మీ ఊరివాళ్లు మాత్రమే నవ్వే జోకు ఒకటి ఉండే ఉంటుంది. వరంగల్‌లోనో, నెల్లూరులోనో, కర్నూలులోనో. దాన్ని ఫోన్‌లో పంపొద్దు. పక్కన కూర్చుని ఎవరికైనా చెప్పండి.

పక్కింటి దోస్త్ ఇప్పుడు రియాద్‌లో ఉన్నాడు. ఆ రాత్రి చార్మినార్ ఫొటో పంపి, "ఎప్పుడొస్తున్నవ్ రా?" అని అడిగాను.

ఒక్క మాటే రాశాడు. "పర్సోఁ."