నాన్నగారూ, మెంతిపిండీ

మా నాన్నగారికి డెబ్భై ఆరేళ్లు. పళ్లు గట్టివే, మాట అంతకన్న గట్టిది. పట్టు తప్పినవల్లా కాళ్లే. అవనిగడ్డకు అవతల, దివిసీమలో మా ఊరు. ఒకప్పుడు ధాన్యం బస్తా భుజాన వేసుకుని కాలవగట్టు ఎక్కిన మనిషి. పోయిన సంక్రాంతికి నేను బందరునుంచి వెళ్లేసరికి, నులకమంచం మీదనుంచి లేవబోయి రెండుసార్లు ఊగి, మూడోసారికి నా చెయ్యి అందుకున్నారు.

"ఏం లేదురా అబ్బాయీ, కాస్త బద్ధకం" అన్నారు.

సంగతి విని గుడివాడనుంచి మా అక్కయ్య ఒక డబ్బా పంపింది. డబ్బామీద కండలు తిరిగిన పడుచువాడి బొమ్మ, లోపల ఏదో మూలికల పొడి. మా అమ్మ చిటికెడు నాలికమీద వేసుకుని, "సగం మెంతిపిండేగా! దీనికి అంత డబ్బు పోయాలా? నా జాడీలో లేదూ?" అన్నది.

సరిగా ఆ రోజుల్లోనే మెంతులను గురించి నేనొక వార్త చదివి ఉన్నాను. ఊరుకోక ఇంట్లో చెప్పాను. తప్పంతా అక్కడే జరిగింది.

మెంతి మొక్కకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ట్రైగోనెల్లా. లాటిన్ లో చిన్న త్రికోణమని అర్థం. పువ్వు ఆకారాన్నిబట్టి వచ్చింది. ఆ గింజల్లోనుంచి 1885లో యాన్స్ అనే జర్మన్ రసాయనవేత్త ఒక పదార్థాన్ని వేరుచేశాడు. అదే ట్రైగోనెలిన్. కాఫీ గింజల్లోనూ ఉన్నది. నూటముప్ఫై తొమ్మిదేళ్లు గడిచాక, 2024లో, దాన్ని గురించి కొత్త సంగతి బయటపడింది. వయసువల్ల కండ కరిగి బలం తగ్గినవారి రక్తంలో ఈ పదార్థం తక్కువగా ఉన్నదట. ముసలి ఎలుకలకు ఇస్తే వాటి కండబలం పెరిగింది, అలసట తగ్గింది.

ఇదెట్లా పనిచేస్తుందో చెప్పాలంటే ముందు మన తెలుగువాణ్ణి ఒకర్ని తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి పనిచేస్తూ, కండరాల్లో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్ ను 1927లో లోకానికి తెలియజేశారు. కండరం ముడుచుకోవడానికి అప్పటికప్పుడు ఖర్చయ్యే చిల్లర ఏ.టి.పి. అనే పదార్థం. దాన్ని కనిపెట్టినవారిలోనూ, 1929లో, వారున్నారు. తిన్న తిండిని ఆ చిల్లరగా మార్చే కార్ఖానాలు కణాల్లో ఉన్నాయి. వాటిలో సరుకు మోసే కూలీవంటిది ఎన్.ఏ.డి. వయసు మళ్లేకొద్దీ ఆ కూలీలు తగ్గుతారు. ట్రైగోనెలిన్ శరీరంలో ఎన్.ఏ.డి.గా మారగలదన్నదే 2024 నాటి విశేషం.

ఇంతవరకు బాగానే ఉన్నది. అయితే నాన్నగారు ఎలుక కాదు గదా! ఆ ప్రయోగంలో ముసలివారికెవరికీ ఆ పదార్థం ఇచ్చి బలం కొలవలేదు. ఆ ముక్క నేను చెప్పలేదు. "మావాడు లెక్చరరు, ఊరికే అంటాడా?" అని ఆయన పూటకో గుప్పెడు మెంతిపిండి మజ్జిగలో కలిపి తాగసాగారు. చక్కెరజబ్బు మాత్రలు మామూలే. నాలుగోనాడు పశువులసావిడి దగ్గర చెమటలు పట్టి కూలబడ్డారు. అమ్మ నోట్లో పంచదార వెయ్యబట్టి బతికి బయటపడ్డారు.

అవనిగడ్డ డాక్టరుగారు నన్ను చూచి, "మెంతులు రక్తంలో చక్కెర తగ్గిస్తాయండీ. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 1980ల్లోనే పరీక్షించి చూశారు. మాత్రలమీద ఇన్నిన్ని పొయ్యవచ్చునా?" అన్నారు. తెలుగు ఎమ్మే చదివిన నేను, సగం వార్త చెప్పిన పాపానికి తల వంచుకున్నాను.

"మరి కాళ్లకు బలం?" అన్నాను.

"కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా లేవమనండి. కూర్చోమనండి. మళ్లీ లేవమనండి."

ఇంతేనా అనిపించింది. ఈసారి వార్త పూర్తిగా చదివాను. అమెరికాలో 1990లో సగటున తొంభై ఏళ్ల వృద్ధులచేత 8 వారాలపాటు బరువులతో కాళ్ల వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసిన 9 మందికి తొడకండరాల బలం సగటున 174 శాతం పెరిగింది! 1994లో 100 మంది వృద్ధులమీద ఇంకో పరీక్ష జరిగింది. వ్యాయామం లేకుండా బలవర్ధక పానీయం మాత్రం తాగినవారికి బలం పెరగలేదు. కూలీలు ఎందరున్నా, కార్ఖానాకు పని చెప్పకపోతే ఏం లాభం?

తిండి అక్కర్లేదని కాదు. కండకు మాంసకృత్తులు కావాలి. వరికోతకు ముందే చేలల్లో మినుములు చల్లే సీమ మాది. మినప్పప్పులో నాలుగోవంతుకు కాస్త తక్కువగా ఉన్నవి అవే. అమ్మ డాక్టరుగారి నడిగి పప్పూ పెరుగూ పెంచింది. మెంతులు మళ్లీ పులుసులోకీ, ఆవకాయలోకీ వెళ్లిపోయినవి. అక్కయ్య డబ్బాలో ఇప్పుడు ఆవాలు పోసుకుంటున్నారు.

మొదట్లో నాన్నగారు మూడుసార్లు లేచి, నాలుగోసారికి నన్ను తిట్టేవారు. ఎండలు ముదిరేనాటికి పది దాటింది. మొన్న సెలవులకు వెళ్లినప్పుడు బస్సు దిగి చూస్తును గదా, ఆయన కాలవగట్టుమీద నిలబడి ఉన్నారు. బస్తా లేదు, చేతికర్ర ఉన్నది. దగ్గరికి వెళ్లి చెయ్యి అందించబోయాను.

"తియ్యరా! ఎక్కిన గట్టు దిగలేననుకున్నావా?" అని ముందు నడిచారు.