గర్భధారణ, ప్రసూతి వివక్ష – చట్టపరమైన రక్షణ

పదిహేనుమంది పనిచేసే ఒక బట్టల దుకాణాన్ని ఊహించుకోండి. రెండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న ఒక మహిళ తాను గర్భవతినని యజమానికి చెప్పింది. "రేపటినుంచి రానక్కరలేదమ్మా. నీకు అపాయింట్‌మెంట్ ఆర్డరే లేదు కదా" అన్నాడాయన. ఆమెకు చట్టం ఏ రక్షణ ఇస్తుంది? ఈ భాగం చదివిన తరువాత మీరే సమాధానం చెప్పగలగాలి.

ఎవరికి వర్తిస్తుంది?

ప్రసూతి ప్రయోజనాల చట్టం, 1961 ఫ్యాక్టరీలకు, గనులకు, ప్లాంటేషన్లకు, పదిమంది లేదా అంతకంటె ఎక్కువమంది పనిచేసే దుకాణాలకు వర్తించేలా రూపొందింది. ఈ నియమాలనే చాలావరకు సామాజిక భద్రతా కోడ్, 2020లోని ఆరో అధ్యాయంలో చేర్చారు. ప్రసవం జరగవలసిన తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండటమే అర్హత. పర్మనెంట్ ఉద్యోగమై ఉండాలన్న షరతు లేదు. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్‌పై రోజుకూలీకి పనిచేసిన మహిళలకు కూడా ఈ ప్రయోజనాలు అందాలని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

2017 సవరణతో వేతనంతో కూడిన సెలవు 26 వారాలకు పెరిగింది. అప్పటికే ఇద్దరు లేదా అంతకంటె ఎక్కువమంది పిల్లలుంటే అది 12 వారాలు.

పనినుంచి తొలగిస్తే?

విద్యార్థులు తరచు పొరబడేది ఇక్కడే. 1961 చట్టంలోని 12వ సెక్షన్ రెండు వేరువేరు సందర్భాలను చెబుతుంది.

మొదటిది, ప్రసూతి సెలవులో ఉన్నప్పటి తొలగింపు. సెలవులో ఉండగా గాని, ఆ సెలవు కారణంగా గాని తొలగించడం చట్టవిరుద్ధం. ఆ కాలంలో ఉద్యోగ షరతులను ఆమెకు నష్టం కలిగేలా మార్చడం కూడా కుదరదు.

రెండవది, సెలవు మొదలుకాకముందే, గర్భవతిగా ఉన్నప్పుడు తొలగించడం. అలా తొలగించినంత మాత్రాన ఆమెకు రావలసిన ప్రసూతి ప్రయోజనం పోదు. ఆ డబ్బు ఎగవేయడానికి ముందుగానే పంపించివేసే యజమానులను దృష్టిలో పెట్టుకొని చేసిన ఏర్పాటు ఇది. తీవ్రమైన దుష్ప్రవర్తన ఉంటే మాత్రం, రాతపూర్వకమైన ఉత్తర్వు ద్వారా ప్రయోజనాన్ని నిరాకరించవచ్చు. దానిపై ఆమె 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఉద్యోగంలో చేరేటప్పుడు

వివక్ష నియామక దశలోనూ ఉంటుంది. జీవిత బీమా సంస్థ ఒకప్పుడు మహిళా అభ్యర్థులను రుతుక్రమం, గర్భధారణల వివరాలు రాయమనేది. వాటిని తప్పుగా రాసిందంటూ ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగినిని తొలగించింది. నీరా మాథుర్ కేసుగా పేరుపొందిన ఈ వివాదంలో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని ఆదేశించింది. ఆ ప్రశ్నలను ఫారం నుంచి తీసివేయాలని కూడా చెప్పింది.

ఏం చేయాలి?

గర్భధారణ సంగతిని యజమానికి రాతపూర్వకంగా తెలిపి, ఒక నకలు దగ్గర ఉంచుకోవాలి. ముందుగా నోటీసు ఇవ్వనంత మాత్రాన హక్కు పోదు. జీతం చీటీలు, హాజరు వివరాలు, బ్యాంకు ఖాతాలో పడిన జమలు 80 రోజుల పనికి సాక్ష్యాలు. ఫిర్యాదును కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వవచ్చు. కొత్త కోడ్‌లో ఈ అధికారిని ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అంటారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పై దుకాణం ఉదాహరణకు 12వ సెక్షన్‌లోని ఏ సందర్భం వర్తిస్తుంది? ఎందువల్ల?
2. "ఆర్డర్ లేదు కదా" అన్న యజమాని వాదన ఎందుకు నిలవదు?