గోరు

గోరు (బహువచనం: గోళ్ళు) చేతి వేళ్ళకు, కాలి వేళ్ళకు చివర పైభాగాన ఉండే గట్టి పలక వంటి శరీర భాగం. సంస్కృతంలో దీనిని నఖము అంటారు. ఇది కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. వెంట్రుకలలోను, పశువుల గిట్టలలోను ఉండేది కూడా ఈ ప్రోటీనే. గోరు వేలి కొనను కాపాడుతుంది. చిన్న వస్తువులను పట్టుకోవడానికి, గిల్లడానికి తోడ్పడుతుంది. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి తీసేవారికి, మిరపకాయలు కోసేవారికి గోరు ఒక పనిముట్టు వంటిది. గోరు నెమ్మదిగా పెరుగుతుంది కనుక కొన్ని నెలల క్రితం వచ్చిన జబ్బుల గుర్తులు కూడా దానిపై కనిపిస్తాయి.

నిర్మాణం

* మాత్రిక: గోటి మొదట్లో చర్మం కింద దాగి ఉండే సజీవ భాగం. గోరు పుట్టేది ఇక్కడే.
* గోటి పలక: మనకు కనిపించే గట్టి భాగం. ఇందులో ఉండేవి మృతకణాలు. అందువలన గోరు కత్తిరించినపుడు నొప్పి కలగదు.
* గోటి పాన్పు: పలక కింద ఉండే మెత్తని చర్మం. దీనిలోని రక్తనాళాల వలన గోరు గులాబీ రంగులో కనిపిస్తుంది.
* నెలవంక: గోటి మొదట్లో తెల్లగా, అర్ధచంద్రాకారంలో కనిపించే భాగం. ఇది మాత్రిక చివరి అంచు.
* క్యూటికిల్: చర్మానికి, పలకకు మధ్య సందును మూసి ఉంచే పలుచని పొర. నీరు, క్రిములు లోపలికి పోకుండా అడ్డుకుంటుంది.

పలక విరిగినా, ఊడినా మళ్ళీ పెరుగుతుంది. మాత్రిక బాగా దెబ్బతింటే మాత్రం గోరు శాశ్వతంగా వికృతంగా పెరగవచ్చు.

పెరుగుదల

చేతి గోళ్ళు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. కాలి గోళ్ళ వేగం అందులో సగం మాత్రమే. ఊడిన చేతి గోరు పూర్తిగా రావడానికి దాదాపు 6 నెలలు, కాలి బొటనవేలి గోరుకు 12 నుండి 18 నెలలు పడుతుంది.

ఈ పెరుగుదలను గోరింటాకు ద్వారా సులభంగా గమనించవచ్చు. ఆషాఢ మాసంలో పెట్టుకున్న గోరింటాకు అరచేతిలో రెండు మూడు వారాలలో వెలిసిపోతుంది. గోటి రంగు మాత్రం పోదు. గోటితో పాటు ముందుకు జరుగుతూ దసరా, దీపావళి నాటికి కొసన మిగులుతుంది.

మరణించిన తరువాత కూడా గోళ్ళు పెరుగుతాయన్నది అపోహ. చర్మం ఎండి వెనుకకు ముడుచుకోవడం వలన అలా అనిపిస్తుంది.

పొలం పనులు - గోళ్ళ ఆరోగ్యం

పగిలి ఎండిన పత్తికాయ తొక్కల కొనలు ముళ్ళలా ఉంటాయి. పత్తి తీసేటప్పుడు అవి గోటి పక్కన గుచ్చుకుని క్యూటికిల్‌ను చీలుస్తాయి. ఆ దారిన క్రిములు చేరితే గోటి చుట్టూ వాచి, చీము పట్టి, సలుపుతుంది. దీనినే గోరుచుట్టు అంటారు. "గోరుచుట్టుపై రోకటిపోటు" అనే సామెత ఈ బాధ నుండి పుట్టినదే.

మిరపకాయలు కోసేవారికి, తొడిమలు తీసేవారికి గోళ్ళ సందులలో మంట పుడుతుంది. దీనికి కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. ఇది నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందువలన ముందు వంటనూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడగడం మేలు.

పారాక్వాట్ వంటి కలుపు మందుల గాఢ ద్రావణం పదేపదే తగిలితే గోళ్ళు రంగు మారి, పెళుసై, ఊడిపోవచ్చు. తగలడం ఆగితే చాలా వరకు తిరిగి మామూలుగా పెరుగుతాయి.

వ్యాధి లక్షణాలు

* చెంచా గోరు: గోరు మధ్యలో గుంటపడుతుంది. ఇనుము లోపం వలన కలిగే రక్తహీనతకు ఇది ఒక గుర్తు. చెప్పులు లేకుండా పొలంలో తిరిగేవారికి పాదాల ద్వారా కొంకిపురుగులు చేరి రక్తహీనత కలిగించవచ్చు.
* అడ్డగాడి: తీవ్రమైన జ్వరం వచ్చినపుడు మాత్రిక పని కొంతకాలం మందగించి గోటిపై అడ్డంగా గాడి పడుతుంది. ఫ్రెంచి వైద్యుడు బో 1846లో వర్ణించినందున వీటిని బో గీతలు అంటారు. గాడి గోటి మొదలుకు 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే జబ్బు సుమారు రెండు నెలల క్రితం వచ్చిందని అర్థం.
* పుప్పిగోరు: గోరు పసుపు రంగుకు మారి, మందమై, పొడిపొడిగా రాలుతుంది. ఇది ఎక్కువగా శిలీంధ్రాల వలన వస్తుంది. కొత్త గోరు పెరిగేవరకు మార్పు కనిపించదు కనుక చాలామంది వైద్యాన్ని మధ్యలో మానివేస్తారు.
* వేలి కొనలు ఉబ్బి గోళ్ళు చిలుక ముక్కులా వంగడం: ఊపిరితిత్తుల, గుండె జబ్బులలో కనిపించవచ్చు.
* నల్లని చార: ఒకే గోటిపై కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే వెంటనే వైద్యునికి చూపించాలి. అరుదుగా ఇది క్యాన్సర్ కావచ్చు.
* తెల్ల మచ్చలు: కాల్షియం లోపానికి గుర్తని అనుకుంటారు కాని, ఎక్కువగా చిన్న దెబ్బల వలన వస్తాయి.

కొన్ని మార్పులు కంటికి కనిపించవు. పూర్వపు ప్రకాశం జిల్లాలోని కనిగిరి ప్రాంతంలో భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ ఎక్కువ. శరీరంలో చేరిన ఫ్లోరైడ్ కొంత గోళ్ళలోను నిలుస్తుంది. కత్తిరించిన గోటి ముక్కలను పరీక్షించి, కొన్ని నెలల క్రితం శరీరంలో చేరిన ఫ్లోరైడ్‌ను అంచనా వేయవచ్చు.

జాగ్రత్తలు

* గోళ్ళను పొట్టిగా కత్తిరించుకోవాలి. కాలి గోళ్ళను మూలలు లోతుగా తీయకుండా తిన్నగా కత్తిరించాలి.
* క్యూటికిల్‌ను కత్తిరించరాదు, గోళ్ళు కొరకరాదు.
* పురుగు మందులు కలిపేటప్పుడు చేతి తొడుగులు, పొలంలో చెప్పులు ధరించాలి.
* గోరుచుట్టులో చీము పడితే సూదితో పొడవక వైద్యుని సంప్రదించాలి. మధుమేహం ఉన్నవారు ఆలస్యం చేయరాదు.

ఇవి కూడా చూడండి

* చర్మం
* గోరింటాకు
* మిరప
* రక్తహీనత