హిమాలయ యాత్రకు కర్పూరం మూట చాలదు

అక్షయతృతీయ సమీపించి చార్‌ధామ్ ఆలయాల తలుపులు తెరుస్తారన్న వార్త రాగానే, మా వైద్యశాలకు వచ్చేవారు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది. “అక్కడ ఊపిరి ఆడదట కదండీ, ఎంత కర్పూరం తీసుకువెళ్ళమంటారు?” ఒకప్పుడు నేను కూడా పచ్చకర్పూరం పలుకులు, వాము, రెండు లవంగాలు పలుచని గుడ్డలో మూటకట్టి, “అప్పుడప్పుడు వాసన చూస్తూ ఉండండి” అని చెప్పి పంపేవాడిని. 2019 జూన్‌లో కేదారనాథ్‌లో రెండు రాత్రులు గడిపిన తరువాత ఆ సలహా ఇవ్వడం మానుకున్నాను. ఎందుకు మానుకున్నానో చెప్పడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆ యాత్రకు మా అక్కగారి కుటుంబంతో కలిసి వెళ్ళాము. బావగారికి అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. రక్తపోటు లేదు, మధుమేహం లేదు. ప్రతి సంవత్సరం అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరేవారు. “ఆ మెట్లు ఎక్కినవాడికి ఈ కొండొక లెక్కా?” అన్నది ఆయన ధీమా. నిజానికి తిరుమల వెయ్యి మీటర్ల ఎత్తు లోపే ఉంది. కేదారనాథ్ ఎత్తు 3,583 మీటర్లు. ఈ రెండింటి మధ్య తేడా కాళ్ళ బలానికి సంబంధించినది కాదు, గాలికి సంబంధించినది.

మేము ముందురోజు రాత్రి సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉన్న గుప్తకాశీలో పడుకున్నాము. తెల్లవారుజామున గౌరీకుండ్ చేరి, అక్కడి నుండి గుర్రాల మీద బయలుదేరి సాయంత్రానికి కేదారనాథ్ చేరుకున్నాము. అంటే ఒక్క పగటిలో రెండువేల మీటర్లకు పైగా ఎక్కి, అక్కడే నిద్రకు ఉపక్రమించామన్నమాట. ఆ రాత్రి బావగారికి తలనొప్పి మొదలైంది, అన్నం సయించలేదు. “ఏమీ లేదోయ్, దారిలో తిన్న పూరీలకు గ్యాసు పట్టింది” అన్నారు. నేనూ అదే అనుకున్నాను. వాము నీళ్ళు ఇచ్చి, కర్పూరం మూట చేతిలో పెట్టాను. మరునాడు ఉపవాసంతో దర్శనం వరుసలో నిలబడ్డారు. అది చాలదన్నట్లు మధ్యాహ్నం ఆలయానికి పైనున్న భైరవనాథుని గుట్ట కూడా ఎక్కారు. రెండవనాటి రాత్రి పొడిదగ్గు పట్టుకుంది. రెండు గంటల వేళకు వెల్లకిల పడుకోలేక లేచి కూర్చున్నారు. కదలకుండా కూర్చున్నా ఆయాసమే. పెదవులు నల్లబడ్డాయి, వీపుకు చెవి ఆనిస్తే లోపల బుడబుడమన్న శబ్దం వినిపించింది. అప్పటికి కూడా మా అక్కగారు కర్పూరం మూటను ఆయన ముక్కు దగ్గర పట్టుకునే ఉన్నారు.

అక్కడి వైద్య శిబిరంలోని డాక్టరుగారు ఆక్సిజన్ పెట్టి ఒకే ఒక మాట చెప్పారు: “తెల్లవారగానే కిందికి దింపండి, ఆలస్యం చేయవద్దు.” నలుగురు మోసే డోలీలో, ఆక్సిజన్ సిలిండరుతో దించాము. మధ్యాహ్నానికి గౌరీకుండ్ చేరేసరికి బావగారు లేచి కూర్చుని కాఫీ అడిగారు. ఏ ఔషధమూ చేయలేని పనిని ఆ దిగుడు చేసింది.

ఇంతకీ ఆ ఎత్తున జరిగేదేమిటి? అక్కడ గాలిలో ప్రాణవాయువు పాళ్ళు తగ్గుతాయని చాలామంది అనుకుంటారు. పాళ్ళు ఎక్కడైనా ఒకటే, నూటికి 21 వంతులు. తగ్గేది గాలి ఒత్తిడి. 3,500 మీటర్ల ఎత్తున ఆ ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. కనుక మనం తీసుకునే ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. శరీరం వెంటనే వేగంగా, లోతుగా శ్వాసించి ఆ లోటు పూడ్చుకోవాలని చూస్తుంది. అట్లా శ్వాసించినప్పుడు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకుపోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. క్షారగుణం పెరగగానే మెదడు “ఇక చాలు, శ్వాస తగ్గించు” అని కళ్ళెం వేస్తుంది. ముఖ్యంగా నిద్రలో ఈ కళ్ళెం బిగుస్తుంది. అందుకే ఆ ఎత్తున పడుకున్నవారు కొన్ని క్షణాలు శ్వాస ఆగినట్లై ఉలిక్కిపడి లేస్తారు. మూత్రపిండాలు ఆ అదనపు క్షారాన్ని మూత్రం ద్వారా బయటకు పంపి, కళ్ళెం సడలించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా పైకి పోవడమే వ్యాధికి మూలం.

ఇంగ్లీషు వైద్యులు దీనిని ‘మౌంటెన్ సిక్‌నెస్’ అంటారు. 2,500 మీటర్లు దాటిన తరువాత ఎవరికైనా రావచ్చు. చేరిన ఆరు నుండి పన్నెండు గంటలలో తలనొప్పి, దానితోపాటు వికారం, అరుచి, కళ్ళు తిరగడం, అలసట, నిద్రపట్టకపోవడం కనిపిస్తాయి. ఇంతవరకే అయితే అక్కడే విశ్రాంతి తీసుకుంటే సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది. ముదిరితే రెండు విధాలుగా ప్రాణం మీదకు వస్తుంది. మా బావగారికి జరిగినట్లు ఊపిరితిత్తులలో నీరు చేరడం ఒకటి. మెదడు వాచడం రెండవది. ఇందులో మనిషి తూలుతాడు, పొంతనలేకుండా మాట్లాడుతాడు, మత్తుగా పడి ఉంటాడు. అనుమానం కలిగితే ఒక కాలి మడమకు మరొక కాలి వేళ్ళు ఆనించి గీత మీద నడిచినట్లు నడవమనాలి. నడవలేకపోతే ఇక తెల్లవారేదాకా కూడా ఆగరాదు, దిగడం ఏమాత్రం సాధ్యమైనా దింపవలసిందే.

ఈ వ్యాధిని గురించిన జ్ఞానంలో మన దేశపు వాటా చిన్నది కాదు. 1962 నాటి చైనా యుద్ధకాలంలో మైదానాల నుండి హఠాత్తుగా హిమాలయాలకు చేరిన సైనికులు ఎందరో ఈ విధంగా జబ్బుపడ్డారు. వారిలో 1,925 మందిని పరిశీలించిన మన సైనిక వైద్యుల నివేదిక 1969లో వెలువడింది. దానిని నేటికీ ఈ రంగంలోని వైద్యులు ప్రస్తావిస్తూనే ఉంటారు. ఆ సైనికులు ఆరోగ్యవంతులైన యువకులని పాఠకులు గమనించాలి. దేహదారుఢ్యం ఈ వ్యాధి నుండి కాపాడదు. పైగా బలం ఉన్నవాడు తొందరగా ఎక్కి ముందుగా జబ్బుపడతాడు.

కర్పూరం సంగతి ఇప్పుడు చెబుతాను. దాని వాసన ముక్కులోని చల్లదనాన్ని గ్రహించే నాడులను తాకి, శ్వాస తేలికగా ఆడుతున్న భావన కలిగిస్తుంది. రక్తంలోని ప్రాణవాయువును మాత్రం రవ్వంత కూడా పెంచదు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది: హాయి కలుగుతుంది, ఆ హాయిని నమ్మి మనిషి పైకి పోతాడు. కర్పూరం పొరపాటున మింగితే విషం, పసిపిల్లలకు మూర్ఛలు వస్తాయి. కాబట్టి పిల్లల మెడలో ఆ మూట కట్టే అలవాటు పూర్తిగా మానాలి. కొండదారుల్లో వెల్లుల్లి తింటే ఈ జబ్బు రాదని చెబుతారు. వెల్లుల్లి చారు చలిలో మంచి ఆహారమే, కాని నివారణ అని చెప్పడానికి ఆధారం లేదు. దుకాణాలలో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కూడా కొద్ది నిమిషాలలో అయిపోతాయి.

ఒక ఆయుర్వేద వైద్యుడు ఇట్లా వ్రాయవచ్చునా అని కొందరు నొచ్చుకోవచ్చు. మన గ్రంథాలలో ఈ వ్యాధి ఈ పేరుతో లేదు, ఉన్నదని బుకాయించడం శాస్త్రానికి గౌరవం కాదు. కాని దీనిని తప్పించుకునే మార్గానికి కావలసిన సూత్రాలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. చరకుడు ఒక అలవాటును విడిచి మరొక అలవాటుకు మారేటప్పుడు పాదాంశ క్రమం పాటించమన్నాడు. అంటే నాలుగవ వంతు చొప్పున, మెల్లమెల్లగా మారాలి. పలుచని గాలి సాత్మ్యం కావడానికీ ఇదే దారి. నేటి పర్వత వైద్యులు చెప్పేది కూడా వేరొకటి కాదు. 3,000 మీటర్లు దాటిన తరువాత ఏ రాత్రి పడుకునే చోటైనా ముందురాత్రి చోటుకంటే 500 మీటర్లకు మించి పైన ఉండరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు అక్కడే ఆగాలనీ వారి నియమం. పగలు కొంత పైకి వెళ్ళినా, రాత్రికి దిగి వచ్చి పడుకోవడం మేలు.

ప్రాణవహ స్రోతస్సులు దుష్టి చెందడానికి చరకుడు చెప్పిన కారణాలు చదివినప్పుడల్లా నాకు ఆ రెండవనాటి బావగారే కళ్ళముందు మెదులుతారు. ధాతుక్షయం, వేగధారణ, రూక్షత, ఆకలిగొని చేసే వ్యాయామం. ఉపవాసం ఉండి గుట్ట ఎక్కడం ఈ చివరిదే కదా! దర్శనానికి ముందు కనీసం పాలు, అరటిపండు, అటుకులు, బెల్లం తీసుకుంటే స్వామికి కోపం రాదని మా అక్కగారికి నచ్చజెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది. వేగధారణ విషయం స్త్రీలు మరింత శ్రద్ధగా వినాలి. దారిలో మరుగుదొడ్లు ఉండవనో, శుభ్రంగా ఉండవనో భయపడి నీళ్ళు త్రాగడమే మానేస్తారు. ఆ ఎత్తున పొడిగాలికి, ఆయాసానికి శరీరంలోని నీరు తెలియకుండానే ఆవిరైపోతుంది. మూత్రం ఎక్కువగా రావడం అక్కడ మంచి లక్షణం, శరీరం అలవాటు పడుతున్నదని దాని అర్థం. మూత్రం లేతరంగులో ఉండేటట్లు నీరు త్రాగితే చాలు. అతిగా త్రాగినంత మాత్రాన వ్యాధి రాకుండా పోదు.

నడక విషయంలో అర్ధశక్తి సూత్రాన్ని మించినది లేదు. ఉన్న బలంలో సగమే ఖర్చుచేయాలి. నుదుట చెమట పట్టి, నోటితో గాలి పీల్చవలసి వస్తే సగం దాటినట్లే, వెంటనే ఆగాలి. పక్కనున్నవారితో మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే సరైన వేగం. ప్రాణాయామం అలవాటున్నవారు అక్కడ నెమ్మదిగా పూరక రేచకాలు చేసుకోవచ్చును గాని, శ్వాసను బిగబట్టే కుంభకం వద్దు.

వంటింటి వస్తువులకు స్థానం లేదని కాదు. అరచెంచా శొంఠిపొడి, చిటికెడు జీలకర్ర, చిన్న బెల్లంముక్క గ్లాసున్నర నీటిలో వేసి గ్లాసు మిగిలేవరకు కాచిన కషాయం వికారాన్ని అణచి, ఆకలి పుట్టించి, ఒంటిని వెచ్చగా ఉంచుతుంది. చల్లని పొడిగాలికి ముక్కు ఎండి రక్తం చిమ్మకుండా వేలికొనతో కాస్త నెయ్యి ముక్కు లోపలి అంచుకు రాసుకోవాలి. ఆహారంలో అన్నం, గంజి, ఉప్మా, పేలాలు వంటివి ఎక్కువగా, నూనెలో వేగినవి తక్కువగా ఉండాలి. కాఫీ రోజూ త్రాగేవారు హఠాత్తుగా మానరాదు, మానితే వచ్చే తలనొప్పికీ ఈ తలనొప్పికీ తేడా తెలియదు. మద్యం, పొగ, నిద్రమాత్రలు పనికిరావు. నిద్ర కోసం అశ్వగంధ తీసుకునేవారు కూడా ఆ కొద్దిరోజులు ఆపడం మంచిదని నా అభిప్రాయం.

మెల్లగా ఎక్కే వీలు లేనివారికి ఇంగ్లీషు వైద్యంలో అసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది. మూత్రపిండాలు రెండు మూడు రోజులలో చేసే పనిని అది త్వరపరుస్తుంది. పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుండి వాడమని వ్రాస్తారు. వేళ్ళు తిమ్మిరెక్కడం, మాటిమాటికి మూత్రం రావడం దాని సహజ లక్షణాలు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. దానిని సొంతంగా కొని వాడరాదు. అది నా వైద్యం కాదు గనుక సిఫార్సు చేయకుండా ఉండలేను కదా!

హెలికాప్టరులో వెళ్ళేవారు కష్టం తప్పిందని సంతోషిస్తారు. దర్శనం చేసుకుని కొద్ది గంటలలో దిగివస్తే వ్యాధి లక్షణాలు పుట్టే వ్యవధి సాధారణంగా ఉండదు. అక్కడే రాత్రి ఉండిపోతే మాత్రం గుర్రం మీద వెళ్ళినవారికంటే వీరికే ప్రమాదం ఎక్కువ. ఢిల్లీ నుండి విమానంలో సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో దిగే వేసవి యాత్రికులదీ ఇదే పరిస్థితి. మొదటి రెండు రోజులు హోటలు దాటకుండా విశ్రాంతి తీసుకున్న తరువాతే ఖార్దుంగ్ లా, పాంగాంగ్ సరస్సు. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. ఆ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి, 13 ఏళ్ళ లోపువారిని, 70 దాటినవారిని, ఆరు వారాలు దాటిన గర్భిణులను అనుమతించరు. గుండె జబ్బు, తీవ్రమైన రక్తహీనత, ఉబ్బసం, సికిల్ సెల్ ఉన్నవారు ఏ ఎత్తు యాత్రకైనా ముందు వైద్యుని అడగాలి. రక్తపోటు మాత్రలు యాత్ర ఉన్నన్ని రోజులూ మానరాదు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు గనుక లోదుస్తుల మధ్య ఒంటికి ఆనించి ఉంచుకోవాలి.

ఒకసారి ఊపిరితిత్తులలో నీరు చేరినవారికి మళ్ళీ అదే జరిగే అవకాశం ఎక్కువ. అందుచేత బావగారు 2022లో బదరీనాథ్ వెళ్ళాలన్నప్పుడు ముందుగా హైదరాబాదులో ఊపిరితిత్తుల నిపుణునికి చూపించి, వారు వ్రాసిన మాత్రలతో బయలుదేరాము. పీపల్‌కోటిలో ఒక రాత్రి, జోషీమఠ్‌లో రెండు రాత్రులు ఆగాము. సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న బదరీనాథ్‌కు ఉదయం వెళ్ళి, నిదానంగా దర్శనం చేసుకుని, మధ్యాహ్నం భోజనం కాగానే జోషీమఠ్‌కు దిగివచ్చాము. మాతో వచ్చిన మిగతావారు పైనే ఉండిపోయారు. సాయంత్రం ఫోను చేసి తలనొప్పిగా ఉందన్నారు. ఎక్కవద్దు, తగ్గకపోతే రేపు పొద్దున్నే దిగిరండి అని బావగారే వారికి చెప్పారు.