ఇల్లు మనదే, మరి దస్తావేజు ఎవరిది?

గ్రామీణ కుటుంబం తన జీవితకాలంలో కూడబెట్టిన సొమ్ములో అధిక భాగాన్ని ఇంటికో, ఇంటి స్థలానికో వెచ్చిస్తుంది. వ్యాపారి అయితే దుకాణానికి, గిడ్డంగికి వెచ్చిస్తాడు. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూసి, సుడులు చూసి, నడిపించి చూసి బేరమాడే మనమే, ఇల్లు కొనేటప్పుడు మాత్రం పెద్దమనుషుల మాట మీద ఒక స్టాంపు కాగితం వ్రాయించుకొని ఊరుకుంటాము. ఆ కాగితంలోని లోపం సాధారణంగా రెండు సందర్భాలలో బయటపడుతుంది. ఋణం కోసం బ్యాంకుకు వచ్చినప్పుడు ఒకటి. అమ్మిన వ్యక్తి కాలం చేసి ఆయన వారసులు వాకిట నిలిచినప్పుడు మరొకటి. మొదటి సందర్భంలో ఋణం ఆగిపోతుంది. రెండవ సందర్భంలో ఇల్లే చేజారవచ్చు.

ఋణగ్రహీతలు, డీలర్లు తరచుగా అడిగే కొన్ని ప్రశ్నలకు చట్టం చెప్పే సమాధానాలను ఈ వ్యాసంలో మీ ముందు ఉంచుతున్నాము.

ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లు నా పేరనే ఉన్నాయి. ఇల్లు నాదైనట్లే కదా?

కాదు. పంచాయతీ పన్ను వసూలు చేస్తుందే కాని హక్కును నిర్ణయించదు. రశీదులు మీరు ఆ ఇంటిలో ఉంటున్నారనడానికి సాక్ష్యంగా పనికివస్తాయి. యాజమాన్యానికి అవి మూలం కావు. కొనుగోలు, దానం, భాగపంపకం, వీలునామా, వారసత్వం, ప్రభుత్వ పట్టా — వీటిలో ఏదో ఒక మార్గాన హక్కు మీకు సంక్రమించి ఉండాలి. పట్టాదారు పాసుపుస్తకం వ్యవసాయ భూమికి సంబంధించినది కనుక గ్రామకంఠంలోని ఇంటికి అది అక్కరకు రాదు.

గ్రామకంఠంలో తరతరాలుగా నివసిస్తూ ఏ దస్తావేజూ లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇట్టివారి కొరకు కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకాన్ని ప్రారంభించింది. డ్రోన్ల సహాయంతో గ్రామ నివేశన స్థలాలను కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడం దీని ఉద్దేశం. మీ గ్రామంలో కొలతలు జరిగే రోజున దగ్గరుండి హద్దులను, పేరును సరిచూసుకోండి. ఆనాడు దొర్లిన తప్పును తరువాత దిద్దించుకోవడం శ్రమతో కూడిన పని.

పూర్తి సొమ్ము చెల్లించి ఒప్పందం వ్రాయించుకున్నాను. రిజిస్ట్రేషను తప్పనిసరా?

తప్పనిసరి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 54వ సెక్షను ప్రకారం రూ. 100 లేక అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. అమ్మకపు ఒప్పందం భవిష్యత్తులో అమ్ముతామనే వాగ్దానం మాత్రమే. దానివలన ఆస్తిపై హక్కు ఏర్పడదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఒప్పందం, వీలునామా మూడూ కలిపి వ్రాయించుకున్నా యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. పైగా 1999 నుండి మన రాష్ట్రంలో అమలైన సవరణ ప్రకారం అమ్మకపు ఒప్పందాన్ని సైతం రిజిస్టరు చేయించవలసి ఉంటుంది.

అమ్మినవారు రిజిస్ట్రేషను చేయకుండా కాలయాపన చేస్తుంటే మీరు కోర్టును ఆశ్రయించే గడువు 3 సంవత్సరాలు. ఒప్పందంలో తేదీ నిర్ణయించి ఉంటే ఆ తేదీ నుండి, లేనిచో వారు నిరాకరించిన సంగతి మీకు తెలిసిన నాటి నుండి ఈ గడువు లెక్కకు వస్తుంది. “మనవాడే కదా, తరువాత చూద్దాం” అనుకుంటూ ఈ గడువును దాటబెట్టవద్దు.

ఇ.సి. తీశాను, అప్పులేమీ కనబడలేదు. ఇక భయం లేనట్లేనా?

ఇ.సి.లో రిజిస్టరు అయిన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. రిజిస్టరు కాని ఒప్పందాలు, కోర్టు దావాలు, కుటుంబ సభ్యుల వాటాలు అందులో కానరావు. అసలు దస్తావేజులను ఎవరివద్దనైనా కుదువ పెట్టి, దానికి రిజిస్టరు పత్రం వ్రాయకపోతే అదీ కనబడదు. కావున అసలు దస్తావేజును, దాని వెనుక ఉన్న లింకు డాక్యుమెంట్లను కంటితో చూడనిదే బయానా ఇవ్వవద్దు. “కాగితాలు పోయాయి” అని అమ్మేవారు చెబితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఆ స్థలం నిషేధిత జాబితాలో ఉన్నదేమో కూడా విచారించాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూముల, ఇళ్ళస్థలాల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. అవి వారసులకు సంక్రమిస్తాయి, బ్యాంకులకు తనఖా పెట్టవచ్చు, ఇతరులకు అమ్మరాదు. ఆంధ్రప్రదేశ్‌లో తరువాతి సవరణలు కొన్ని మినహాయింపులు కల్పించాయి. అవి మీ స్థలానికి వర్తిస్తాయో లేదో తాసిల్దారు కార్యాలయంలో వ్రాతపూర్వకంగా తెలుసుకోండి. ఏజెన్సీ ప్రాంతాలలో గిరిజనేతరులకు జరిగే స్థిరాస్తి బదిలీ 1/70 చట్టం ప్రకారం చెల్లదు.

నాన్నగారి ఇంటిపై ఋణానికి అక్కచెల్లెళ్ళ సంతకాలు ఎందుకు?

వారికి హక్కు ఉన్నది గనుక. తండ్రి స్వార్జితమైన ఇల్లు, ఆయన వీలునామా వ్రాయకుండా మరణిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, తల్లికి, కుమారులకు, కుమార్తెలకు సమానంగా చెందుతుంది. పిత్రార్జితంలో కుమార్తెకు పుట్టుకతోనే వాటా కల్పిస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. అప్పటికే వివాహమైనవారికి అది వర్తించలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదాన్ని తొలగించింది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పెళ్ళినాడు ఇచ్చిన కట్నకానుకలతో వాటా తీరిపోయిందనే వాదనకు చట్టంలో చోటు లేదు.

అన్నదమ్ములు సాదా కాగితంపై వ్రాసుకున్న పంపకం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆ కాగితం ద్వారానే ఆస్తిని పంచుకుంటే దానిని రిజిస్టరు చేయించాలి. లోగడ జరిగిన పంపకాన్ని జ్ఞాపకార్థం వ్రాసుకున్నది మాత్రమే అయితే రిజిస్ట్రేషను అక్కరలేదు. ఈ రెండింటి నడుమ భేదమే ఎన్నో దావాలకు కారణమవుతున్నది. ఇంటి ఆడపడుచులను పిలిచి, అందరి సమక్షంలో పారీఖత్తును రిజిస్టరు చేయించుకోవడమే క్షేమం.

దుకాణానికి పదకొండు నెలల అద్దె ఒప్పందం చాలునా?

ఎరువుల, విత్తనాల, యంత్ర పరికరాల డీలర్లు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. ఏడాదికి మించని కౌలుకు రిజిస్ట్రేషను అక్కరలేదన్నది కేంద్ర చట్టంలోని నియమం. పదకొండు నెలల ఆనవాయితీ అందులో నుండి పుట్టినదే. అయితే మన రాష్ట్రంలో 1999 సవరణ తరువాత, గడువుతో నిమిత్తం లేకుండా అద్దె పత్రాలన్నీ రిజిస్టరు చేయించవలసినవే.

దీనివలన నష్టం ఎవరికి? అయిదేళ్ళు ఉండవచ్చునన్న నమ్మకంతో మీరు రెండు లక్షలు ఖర్చు చేసి గిడ్డంగికి ర్యాకులు, షట్టరు అమర్చారనుకోండి. పత్రం రిజిస్టరు కాకపోతే ఆ అయిదేళ్ళ షరతును కోర్టులో నిరూపించుకోలేరు. మీది నెలవారీ అద్దెగా పరిగణింపబడుతుంది. యజమాని 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. అద్దె నియంత్రణ చట్టాలు వర్తించే పట్టణాలలో కొంత రక్షణ ఉన్నా, దానిని నమ్ముకొని పెట్టుబడి పెట్టడం వివేకం కాదు. అడ్వాన్సు ఎంత, తిరిగి ఇచ్చేది ఎప్పుడు, మరమ్మతులు ఎవరివి అన్నవి పత్రంలోనే వ్రాయించండి. అద్దె చెల్లింపుకు రశీదు తీసుకోండి.

యజమాని బలవంతంగా తాళం వేయడానికి వీలులేదు. అట్లు వెళ్ళగొట్టినచో 6 నెలలలోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. అదేవిధంగా, 12 సంవత్సరాలు అద్దెకున్నవాడు సొంతదారు అవుతాడన్న భయమూ యజమానులకు అక్కరలేదు. అద్దెదారుగా ప్రవేశించినవాడు అద్దెదారుగానే ఉంటాడు.

అప్పుకు హామీగా ఇల్లు తన పేర రిజిస్టరు చేయమని షావుకారు అడుగుతున్నాడు. చేయవచ్చునా?

ఎట్టి పరిస్థితులలోనూ చేయవద్దు. అప్పు తీరగానే తిరిగి వ్రాసి ఇస్తానన్న షరతు ఆ విక్రయ దస్తావేజులోనే లేకపోతే చట్టం దానిని తనఖాగా పరిగణించదు. నోటిమాటను నిరూపించడం అత్యంత కష్టం. రెండు లక్షల అప్పుకు పది లక్షల ఇల్లు పోయే దారి ఇదే. తనఖా పత్రం వ్రాస్తే బాకీ తీర్చి ఇంటిని విడిపించుకునే హక్కు మీకు మిగులుతుంది. ఆ హక్కును ఏ షరతూ హరించలేదు.

బ్యాంకులో తనఖా పెట్టినప్పుడు, ఇచ్చిన ప్రతి దస్తావేజుకు జాబితా వ్రాయించి రశీదు తీసుకోండి. బాకీ పూర్తిగా తీరిన 30 రోజులలోగా అసలు దస్తావేజులు మీకు అందాలి. 2023 డిసెంబరు 1 నుండి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు, బ్యాంకు కారణంగా ఆలస్యమైతే రోజుకు రూ. 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. ఇది మీ హక్కు. అడగడానికి సంకోచించనవసరం లేదు.

ఈ వారమే చేయదగిన పని

పెట్టె తెరచి మీ ఇంటి కాగితాలను ఒకచోట చేర్చండి. అసలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఇటీవలి ఇ.సి., పన్ను రశీదులు, పెద్దలు గతించి ఉంటే మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం ఉన్నవో లేవో చూడండి. రిజిస్టరు దస్తావేజు పోయి ఉంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సర్టిఫైడు నకలు లభిస్తుంది. దస్తావేజులోని హద్దులు నేలమీది హద్దులతో సరిపోతున్నవో లేదో మనిషిని తోడు తీసుకొని కొలిచి చూడండి. సంతకాలు పెట్టవలసిన పెద్దలు జీవించి ఉండగానే లోపాలను సరిచేయించుకోవడం మేలు. వారు గతించిన తరువాత అదే పని పదిమంది వారసుల అంగీకారంపై ఆధారపడుతుంది.

వకీలు ఫీజుకు వెరచి ఆగవలసిన పని లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం క్రింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, అల్పాదాయ వర్గాలకు ఆదాయ పరిమితికి లోబడి ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి వివరాలు తెలుసుకోవచ్చు. బయానా ఇవ్వడానికి ముందు వేసే ఒక ప్రశ్న, ఇచ్చిన తరువాత వేసే పది దావాలకంటె చవక.