గాలిమరకు చోటు, బట్టమేక పిట్టకు బీడు



రాయలసీమ మెట్టలలో ప్రయాణము చేయువారికి నేడు కొండల మీదను, చేల నడుమను బారులు తీరిన గాలిమరలు కనబడుచున్నవి. 1990 దశకములో అనంతపురం జిల్లా రామగిరి కొండలపై మొదలైన ఈ పని నేడు ఆంధ్రప్రదేశ్ లో సుమారు 4,000 మెగావాట్ల స్థాపిత శక్తికి చేరినది. బొగ్గు కాల్చకుండ, పొగ లేకుండ వచ్చు విద్యుత్తు ఇది. బావి మోటారు నడుపుకొను రైతు దీనిని కాదనవలసిన పని లేదు. కాని విత్తనము మంచిదైనంత మాత్రమున అన్ని నేలలలోను చల్లము గదా! గాలిమరకును నేల చూచియే చోటు ఈయవలెను. ఎందువలననో తెలిసికొందము.

బీడులోని నేస్తము

నంద్యాల జిల్లా నందికొట్కూరు ప్రాంతమున రోళ్లపాడు గ్రామము కలదు. అచ్చటి గడ్డిబీడులలో బట్టమేక పిట్టలు ఉండుటచే 1988లో 614 హెక్టార్ల నేలను అభయారణ్యముగా ప్రకటించిరి. మగపక్షి సుమారు మీటరు ఎత్తు ఉండి, 15 కిలోల వరకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వానిలో ఇది యొకటి. రేగుపండ్లు, గింజలు తినుట నిజమే. కాని వానకాలమున దాని మేతలో మిడుతలు, పెంకు పురుగులదే పెద్ద పాలు. చేనికి చీడయైన మిడుతను కూలి అడుగకుండ ఏరివేయు నేస్తము ఇది.

ఆడపక్షి సాధారణముగా ఏడాదికి ఒకే గుడ్డు పెట్టును. గూడు కట్టదు, వట్టి నేలమీదనే పెట్టి, ఇంచుమించు నాలుగు వారములు పొదుగును. ఆ గుడ్డును కుక్క తినినను, గొఱ్ఱెల మంద త్రొక్కినను ఆ యేటి సంతానము పోయినట్లే. దేశమంతటను కలిపి ఈ పక్షులు 150కి మించి లేవని అంచనా. వానిలో అధిక భాగము రాజస్థాన్ లోని థార్ ఎడారియందే మిగిలినవి. రోళ్లపాడులో ఇటీవలి యేండ్లలో ఇది కనబడుటయే అరుదైనది.

ఇందుకు గాలిమర ఒక్కటే కారణము కాదు. వేట, బీడుల దున్నకము, కుక్కల బెడద ముందునుండియే కలవు. అభయారణ్యము వచ్చిన పిదప కృష్ణజింకలు పెరిగి చుట్టుప్రక్కల చేలను మేసినవి. ఆ రైతుల బాధ కల్ల కాదు. కాని జింక చేసిన నష్టమునకు పిట్టపై కోపగించుట న్యాయము కాదు.

కీడు ఎట్లు కలుగుచున్నది?

దూరమునుండి చూచిన గాలిమర రెక్క మెల్లగా తిరుగుచున్నట్లుండును. కాని పెద్ద మరలలో రెక్క కొస గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును. నేలపై ఎరను వెదకుచు ఎగురు గ్రద్ద దానిని గమనింపక దెబ్బ తినును.

మరకంటె దాని తీగలు బట్టమేకకు ఎక్కువ ప్రమాదకరములు. ఈ పక్షి కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే ఎదుట చూపు తక్కువ. తీగ దగ్గర పడిన పిదప కనబడినను, బరువైన దేహమగుటచే చటుక్కున ప్రక్కకు తిరుగలేదు. థార్ ప్రాంతమున విద్యుత్తు తీగలు తగిలి ఏటేట సుమారు 18 బట్టమేక పిట్టలు చనిపోవుచున్నవని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసినది. ఉన్నవే 150 అయినప్పుడు ఈ లెక్క ఎంత పెద్దదో మీరే యోచింపుడు.

మహారాష్ట్రలోని సాతారా జిల్లా చాళకేవాడి పీఠభూమిపై జరిపిన పరిశీలన 2018లో ప్రకటితమైనది. గాలిమరలున్న తావులలో వేటాడు పక్షులు, మరలు లేని తావులకంటె ఇంచుమించు నాలుగింట ఒక వంతు మాత్రమే ఉండెను. అవి తిను తొండలు మాత్రము పెరిగినవి. గ్రద్ద తొలగిన చోట దాని ఎర పెరుగునని దీనివలన తెలియుచున్నది. శీతకాలమున దూరదేశములనుండి వచ్చి రోళ్లపాడు గడ్డిలో రాత్రులు గడపు పిల్లిగద్దలు మిడుతలను విరివిగా తినును. వానిని పోగొట్టుకొనుట మన చేనికే నష్టము.

ఉపాయములు కలవు

అన్నిటికంటె ముఖ్యము చోటు ఎంపిక. పక్షులు గుడ్లు పెట్టు బీడులను, వలస పక్షుల విడిది తావులను విడిచి మరలు నిలుపవలెను. తీగలను వీలైనచోట భూమిలో వేయవలెను. వీలుకాని చోట పక్షులకు కనబడు బిళ్లలను వ్రేలాడదీయవలెను. నార్వే దేశములోని స్మోలా దీవిలో మూడు రెక్కలలో ఒకదానికి నల్లరంగు పూయగా పక్షుల చావులు 70 శాతమునకు పైగా తగ్గినవని 2020లో వెల్లడియైనది. ఆ పరీక్ష నాలుగు మరలపైననే జరిగినది గనుక మన దేశమున కూడ పరీక్షించి చూడవలసియున్నది.

మీరు చేయదగిన పనులు

1. మీ భూమిని గాలిమరకు కౌలు కిచ్చుటకు ముందు స్తంభమే కాక తీగ, బాట ఎటు పోవునో పటము చూపుమని అడుగుడు. 2006 నాటి పర్యావరణ ప్రకటన క్రింద గాలిమరలకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కరలేదు. కావున గ్రామసభలో మీరు ముందుగా అడుగు మాటకు విలువ ఎక్కువ.

2. గడ్డిబీడును పనికిరాని బంజరని తలపకుడు. అది గొఱ్ఱెలకు మేత, నేలకు కప్పు, పిట్టకు ఇల్లు. వంతులవారీగా మేపుడు. ఈ పిట్టకు నలుదిక్కులు కనబడు బయలు కావలెను గనుక అచ్చట తైలము చెట్లు నాటుట కూడ కీడే.

3. నేలపై పెద్ద గుడ్డు కనబడిన ముట్టవలదు. మందను, కుక్కలను ప్రక్కకు మళ్లింపుడు. అటవీశాఖ వారికి తెలుపుడు.

4. తీగల క్రిందగాని మర క్రిందగాని చచ్చిన పక్షి కనబడినచో తేదీ, స్తంభము నెంబరు వ్రాసికొని వారికే తెలుపుడు. ఎచ్చట బిళ్లలు కట్టవలెనో ఆ లెక్కయే చెప్పును.

సోదరులారా! గాలి ఏ గుట్టపైనైనను వీచును. మరను నాలుగు మైళ్లు ఆవల నిలుపవచ్చును. ఏడాదికొక గుడ్డు పెట్టు పిట్టకు మాత్రము మరియొక బీడు లేదు. మీ ఊరి బీడును గూర్చి రానున్న గ్రామసభలోనే ప్రస్తావింపుడు.